కాదనుట వాదమగునా?

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లని సాధించువాని సామెత నెరుగని తెలుగువారుండరు. ఎదుటివాడు నాలుగనును; ఇతడు మూడనును. ఎదుటివాడు మరల నాలుగనును. ఇతడు గొంతు హెచ్చించి మూడనును. ప్రొద్దు గూకువరకు ఇట్లే జరిగినను వారి నడుమ మాటలు నడచినవే కాని వాదము నడచినదని చెప్పరాదు. ఏలన, ఇద్దరిలో ఎవరును కుందేటిని నేలపై నిలిపి కాళ్లు లెక్కింపలేదు.

ఇట్టి తగవు మన ఇండ్లలో అరుదు కాదు. రేడియోలో వార్తలు ముగిసి, విస్తళ్లు వేయులోపల, తండ్రికిని కొడుకునకును, అన్నకును తమ్మునకును ఏదో యొక విషయముపై మాట పెరుగును. ఒకరు ఔనన్న దానిని వేరొకరు కాదందురు. ఔననుట, కాదనుట అను ఈ రెండు మాటలు ఎన్నిమార్లు మార్చి మార్చి పలికినచో వాదమగును? నూరుమార్లు పలికినను కాదని మన పూర్వులు నిర్ణయించిరి. మరి ఏది వాదము, ఏది కేవల నిరాకరణము అను ప్రశ్నను వారు రెండువేల యేండ్లకు పూర్వమే చేపట్టి, మిక్కిలి ఓపికతో విచారించిరి. ఆ విచారణ చరిత్రలో కొన్ని ఘట్టములను మనము నేడు స్మరింతము.

క్రీ.పూ. 2వ శతాబ్దిలో పంజాబు ప్రాంతమును మినాండరను యవనరాజు పాలించెను. మిలిందపఞ్హ అను పాలీగ్రంథము ఇతనినే మిలిందుడని పేర్కొనుచున్నది. ఈ రాజు నాగసేనుడను భిక్షువుతో సంభాషింప గోరినప్పుడు, ఆ భిక్షువు ముందుగా ఒక షరతు పెట్టినట్లు అందు వర్ణింపబడినది. పండితులు మాటలాడు తీరున మాటలాడుదువేని సరే, రాజులు మాటలాడు తీరున నైనచో నాకు పని లేదని అతని భావము. ఆ రెండింటికి భేదమేమని రాజు ప్రశ్నించెను. పండితుల సంభాషణలో ఒకరు ముడి వేయుదురు, వేరొకరు విప్పుదురు. తప్పు చూపబడును, చూపబడిన తప్పు ఒప్పుకొనబడును. అయినను ఎవరికిని కోపము రాదు. రాజులన్ననో ఒక మాట నిలిపి, దానిని కాదన్నవానికి దండన విధింతురు. మిలిందుడు పండితునివలెనే మాటలాడుటకు సమ్మతించెను.

ఈ కథలో మనము గమనింపవలసినది భిక్షువు ధైర్యము మాత్రమే కాదు. దండనాధికారము చేతనున్నవానికి హేతువుతో పని యుండదు; కాదన్న చాలును. కావున వాదము జరుగవలె నన్నచో బలవంతుడు ముందుగా తన బలమును ద్వారము వెలుపల విడిచి రావలెను. రాజునకు చెల్లిన ఈ నియమము ఇంటి యజమానికిని చెల్లునని వేరుగ చెప్పవలెనా?

వైద్యులును ఈ విషయమున ఏమరలేదు. చరకసంహితలో విమానస్థానమున ఎనిమిదవ అధ్యాయము వైద్యులు తమలో తాము చర్చించు పద్ధతిని బోధించును. అందు సంభాష రెండు విధములు: కలసిమెలసి చేయునది సంధాయసంభాష, కయ్యమునకు దిగి చేయునది విగృహ్యసంభాష. జ్ఞానము, ఓర్పు గలిగి, కోపము లేనివానితో మొదటి విధమున నిస్సంకోచముగ మాటలాడవలెననియు, ఓడిపోదునేమోయని జంకరాదనియు చరకుడు బోధించును. వైద్యుల తగవులో నష్టపడువాడు మంచముపై నున్న రోగి గదా! అందుచేతనే కాబోలు ఆ శాస్త్రమున ఇంత శ్రద్ధ.

అయినను ఈ విచారణను శాస్త్రముగా తీర్చి దిద్దినవారు నైయాయికులు. అక్షపాదుడని పేరొందిన గౌతముని న్యాయసూత్రములు, వానికి సుమారు 5వ శతాబ్దిలో వాత్స్యాయనుడు వ్రాసిన భాష్యము ఇందుకు మూలములు. తొలి సూత్రమున చెప్పబడిన పదునారు పదార్థములలో వాదము, జల్పము, వితండ, హేత్వాభాసము, ఛలము, జాతి, నిగ్రహస్థానము అను నేడును చర్చకు సంబంధించినవే. ఒకరు మాటలాడుటలో ఎన్ని విధముల తప్పుదారి పట్టవచ్చునో ఇంత సూక్ష్మముగ లెక్కించిన శాస్త్రములు లోకమున అరుదు.

నైయాయికుల మతమున ఒక మాటను నిలుపదలచినవాడు అయిదు అంగములను చూపవలెను. అవి ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము. రేడియో శ్రోతలమగు మనకు శబ్దమును గూర్చిన ఉదాహరణమే తగియుండును. శబ్దము అనిత్యమనుట ప్రతిజ్ఞ. పుట్టుక గలది గనుక అనుట హేతువు. పుట్టుక గల కుండ మొదలగునవి అనిత్యములని చూపుట ఉదాహరణము. శబ్దమును అట్లే పుట్టుక గలదనుట ఉపనయము. కావున శబ్దము అనిత్యమని ముగించుట నిగమనము.

ఇందలి కీలకమంతయు ఉదాహరణమున నున్నది. కుండ పగులునని చెప్పువాడును, వినువాడును, పండితుడును, పామరుడును ఒప్పుకొందురు. ఇరువురకును సమ్మతమగు తావున కాలు మోపి, అచటినుండి సమ్మతము కాని తావునకు అడుగు వేయుటయే వాదము. మూడు కాళ్లవానికి ఈ ఉమ్మడి నేల లేదు. అందుచేత అతడెన్ని మాటలాడినను ఉన్నచోటనే యుండును.

ఈ శబ్దవిచారము ఉబుసుపోకకు పుట్టినది కాదు. వేదము ఎవరిచేతను రచింపబడనిది, అనాదియైనది అని మీమాంసకులు నమ్మిరి. శబ్దమే పుట్టి నశించునదైనచో ఆ నమ్మకమునకు ఆధారము సడలును. నైయాయికులును వేదమును ప్రమాణముగనే గ్రహించిరి. కాని అది నిత్యమగుటచేత గాక, నమ్మదగిన ఆప్తుని వాక్యమగుటచేత ప్రమాణమనిరి. ఇరుపక్షములకును ప్రాణసమానమైన విషయమిది. కేవలము కాదు కాదని గొంతు చించుకొనుటకు ఇంతకంటె తగిన తావు లేదు. అయినను వారు చేసిన దేమి?

మీమాంసకుడు శబ్దము నిత్యమేయని మరల పలికి ఊరకుండలేదు. ఎదుటివాని హేతువునే పట్టుకొనెను. ఉచ్చారణము శబ్దమును పుట్టించుననుట సరికాదు, ముందే యున్న శబ్దమును వెలికి తెచ్చుచున్నది. చీకటిలోనున్న కుండను దీపము చూపును గాని పుట్టింపదు గదా యని అతని సమాధానము. దీనిని కాదనుట మాత్రమే యని ఎవరనగలరు? ఇది ప్రతిపక్షి భవనమున ఏ స్తంభము బలహీనమో వెదకి దానిపైనే చేయి వేయుట.

అపుడు వాత్స్యాయనుడేమనెను? అడవిలో కట్టెలు కొట్టువానిని దూరమునుండి చూడుడని అతని భాష్యము మనలను పిలుచును. గొడ్డలికిని కట్టెకును కలయిక తీరిపోయిన పిదపనే దూరముననున్నవానికి శబ్దము వినవచ్చును. దీపము ఆరిన పిదప కుండ కనబడునా? కనబడదు. వ్యక్తము చేయునది తొలగినచో వ్యక్తమగునదియు తొలగవలెను. కావున గొడ్డలి దెబ్బ శబ్దమునకు దీపము వంటిది కాదు. చెరువు గట్టున చాకిరేవు దరువును దూరమునుండి విన్నవారెవరికైనను ఈ మాట సుగ్రాహ్యమే. బట్ట బండను తాకి మరల పైకి లేచిన పిదప చప్పుడు చెవిని చేరును.

ఎవరు గెలిచిరని విచారించుట మన పని కాదు. వారి తగవు శతాబ్దులు సాగెను. కాని గమనింపుడు: తగవు తీరకపోయినను లోకమునకు లాభము కలిగెను. ఔను, కాదు అను రెండు మాటలతో మొదలైన తగవు దీపము, కుండ, గొడ్డలి, దూరము అను కొత్త విషయములను విచారణలోనికి లాగుకొని వచ్చినది. వాదము ఎక్కడ ప్రారంభమైనదో అక్కడనే ముగియదు. కేవల నిరాకరణము ప్రారంభమైన చోటనే యుండును. రెండింటికిని ఇంతకంటె నమ్మదగిన గురుతు లేదు.

చర్చను నైయాయికులు మూడు తెగలుగా విభజించిరి. తత్త్వము తెలియగోరి గురుశిష్యులు, సహాధ్యాయులు చేయునది వాదము. గెలువగోరి యుక్తికి తోడు కపటమును గూడ వాడునది జల్పము. తన పక్షమును నిలుపక ఎదుటి పక్షమును ఖండించుటతోనే తృప్తి నొందునది వితండ. నేడు మనము వితండవాదమని దేనిని తిట్టుచున్నామో దాని పుట్టిల్లు ఇదియే. కాని ఇందొక సూక్ష్మము గలదు. శాస్త్రోక్తమగు వైతండికుడును ఎదుటివాని మాట ఏల నిలువదో హేతువు చెప్పి తీరవలెను. ఊరక కాదనువానికి ఈ మూడు తెగలలో కట్టకడపటి దానియందును చోటు లేదు. మన పూర్వులు అతనిని నిందింపలేదు. అసలు లెక్కలోనికే తీసికొనలేదు!

జల్పవితండలను వారు పూర్తిగా త్రోసివేయకపోవుటయు గమనింపదగినది. లేత మొలకల చుట్టు ముళ్లకంప వేయునట్లు, ఇంకను వేరూనని నిశ్చయమును దుర్వాదులనుండి కాపాడుకొనుటకు వానిని వాడవచ్చునని గౌతముడు అనుమతించెను. ముళ్లకంప పైరును కాచునే గాని తాను పండదు.

తన పక్షము చెప్పకుండ ఖండించుట యెల్లప్పుడును దోషమా? ఇచట ఆంధ్రదేశమున శ్రీపర్వతముతో సంప్రదాయము ముడివెట్టిన ఆచార్య నాగార్జునుడు జ్ఞప్తికి వచ్చును. అన్నియు స్వభావశూన్యములని అతడు పలుకగా, అట్లయిన నీ మాటయు శూన్యమే గదా, అది దేనిని ఖండింపగలదని ప్రతిపక్షులు నిలదీసిరి. విగ్రహవ్యావర్తనియను గ్రంథమున అతడు దీనికి బదులు చెప్పుచు, నిలుపవలసిన ప్రతిజ్ఞ నాకు లేదనెను. ఇది తప్పించుకొనుటయని కొందరు, లోతైన మాటయని కొందరు నేటికిని చర్చించుచున్నారు. కాని అతడు ప్రతిపక్షి ఆక్షేపమును ముందుగా పూర్తిగ తానే వినిపించి, ఒక్కొక్కదానికి హేతువు చూపుచు పోయెను. ఎదుటివాని మాటకు ఇంత మర్యాద చేసినవానిని కుందేటివానితో జతకట్టుట న్యాయము కాదు.

ఇక వాదమువలె కనబడి వాదము కానివి కొన్ని గలవు. మాటకు చెప్పినవాడు తలపని అర్థము గట్టి దెబ్బతీయుట ఛలము. సంస్కృతమున నవ యనగా క్రొత్త యనియు, తొమ్మిది యనియు అర్థములు. ఈ బాలుడు నవకంబళము గలవాడని యెవడో అనగా, తొమ్మిది కంబళ్లెక్కడ, ఒక్కటే గదా యనుట భాష్యకారుడిచ్చిన ఉదాహరణము. మంచెలు కేకలు వేయుచున్నవని అన్నప్పుడు మంచెపైనున్న కాపరులని గ్రహింపక, కట్టెలు అరచునా యని నవ్వుట మరియొక విధము. పోలికను మాత్రము చూచి తొందరపడి ఇచ్చు బదులు జాతి యనబడును. కుండవలె పుట్టినది గనుక శబ్దము అనిత్యమనగా, ఆకాశమువలె రూపములేనిది గనుక నిత్యమనుట ఇట్టిది. రూపము లేని దెల్లను నిత్యమేయని ముందుగా చూపవలెను గదా! ఇట్టివి ఇరువదినాలుగని గౌతముడు లెక్కించెను.

వాది ఓడినట్లు తేల్చు నిగ్రహస్థానములు ఇరువదిరెండు. వానిలో మూడింటిని మాత్రము మన పాఠకులకు మనవి చేయుదుము. ప్రయోజనము లేక చెప్పినదే చెప్పుట పునరుక్తము. కావున మూడు, మూడు, మూడు అనువాడు రెండవమారు నోరు తెరచినప్పుడే ఓడెను. ప్రతివాది మూడుమార్లు చెప్పిన మాటను, సభకు తెలిసిన దానిని, తాను తిరిగి చెప్పలేకపోవుట అననుభాషణము. ఎదుటివాడన్న దేమో చెప్పలేనివాడు దేనిని ఖండించును? తన పక్షమున చూపిన దోషమును తొలగింపక, ఆ దోషము నీ పక్షమునను గలదనుట మతానుజ్ఞ. నీవు మాత్రము సత్యసంధుడవా యని మనము రోజును వాడు బ్రహ్మాస్త్రమిదియే. ఎదుటివానిపై దోషము మోపితిమని సంతసింతుము గాని, ఆ మాటతో మన దోషమును మనమే ఒప్పుకొన్నామని మరతుము.

ఈ శాస్త్రము కాశీ నవద్వీపముల సొత్తు మాత్రమే కాదు. తర్కసంగ్రహమను చిన్న పుస్తకముతో దేశమంతట బాలురకు తర్కమున అక్షరాభ్యాసము చేయించిన 17వ శతాబ్ది పండితుడు అన్నంభట్టు తెలుగువాడు. కొండపై పొగను చూచి నిప్పును ఊహించుట, ఆ ఊహకు వంటయింటిని దృష్టాంతముగ చూపుట నేటికిని విద్యార్థులు ఆ పుస్తకముననే నేర్చుకొనుచున్నారు.

మరి తెలుగువారు తమ సొంత విషయమున వాదించినప్పుడు ఈ విద్య ఉపయోగపడెనా? 20వ శతాబ్ది తొలి దశకములలో భాషను గూర్చి చెలరేగిన తగవును పరిశీలింతము. పాఠశాలలలో బాలురచే గ్రాంథికభాష వ్రాయింపవలెనా, శిష్టవ్యావహారికము వ్రాయింపవలెనా అనునది ప్రశ్న. ఒక పక్షమున గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు. వేరొక పక్షమున జయంతి రామయ్య పంతులు, 1911లో వెలసిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు. పండితుల ప్రతిష్ఠ అటుండనిండు. పలక పట్టిన ప్రతి తెలుగు బిడ్డయు ఏ భాషలో తన మనసు వ్రాయవలెనో తేలవలసియుండెను.

ఈ తగవులో కేవల నిరాకరణమునకు కొరత లేదు. ఎదుటివారి భాషను గ్రామ్యమని పిలిచినంత మాత్రముననే దానిని ఖండించినట్లు ఒకరు తలచిరి. ఎదుటివారు ఛాందసులనినంతనే గెలిచినట్లు వేరొకరు తలచిరి. పేరు పెట్టుట హేతువు చూపుట కాదు. కాని ఆ రొదకు అడుగున నిజమైన వాదము గూడ నడచినది.

తనకు అలవడని భాషలో ఎవడును తప్పులు లేక వ్రాయజాలడు, కావున వాడుకలోని శిష్టుల భాషయే వ్రాతకు తగినదని రామమూర్తి వాదసారము. దీనికి ప్రతిపక్షమిచ్చిన బదులు తేలికైనది కాదు. వాడుకభాష ఒక్కటియా? జిల్లాకొక తీరు, కులమునకొక తీరు గదా! తరతరమునకు మారు మాటను పట్టుకొన్నచో జాతికి ఉమ్మడి భాష యెట్లు నిలుచును, ప్రాచీనకావ్యములు పిల్లలకు పరాయివి కావా యని వారడిగిరి. ఇది దీపము, కుండల సమాధానము వంటిది. స్తంభముపై చేయి వేసినది. వ్యావహారికవాదులు దీనికి బదులు వెదకవలసి వచ్చెను. చదువుకొన్నవారు నలుగురిలో మాటలాడు భాషలో ప్రాంతభేదములకంటె సామ్యమే హెచ్చని చూపుటకు, వ్రాతభాషయు కాలమునుబట్టి మారుచునే వచ్చెనని నిరూపించుటకు శాసనములు, తాళపత్రములు, పాతవచనములు గాలింపవలసి వచ్చెను.

రామమూర్తి చేసిన మరియొక పనిని మన శాస్త్రపు గీటురాతిపై గీచి చూడవచ్చును. గ్రాంథికమును సమర్థించు పండితుల వ్రాతలలోనే వ్యాకరణవిరుద్ధములగు ప్రయోగములను అతడు ఏరి ఏరి చూపెను. మీరును తప్పులు వ్రాయుచున్నారను మాటయే అయినచో ఇది మతానుజ్ఞ యగును. కాని అతడు దానిని హేతువుగ మార్చెను: జీవితమంతయు ఆ భాషకు ధారపోసిన పండితులకే అది వశము కానప్పుడు, బడిపిల్లలకు ఎట్లు వశమగును? ఒకే మాట ఒకని నోట ఎత్తిపొడుపగును, వేరొకని నోట ప్రమాణమగును. దానినుండి తరువాతి మెట్టునకు దారి యున్నదా లేదా అనునదే భేదము.

ఈ విషయమున మద్రాసు విశ్వవిద్యాలయ సంఘము 1914లో వెలువరించిన నిర్ణయము వ్యావహారికమునకు అనుకూలము కాలేదు. గురజాడ అప్పారావు సంఘములో తక్కువ సంఖ్యవారి పక్షమున నిలిచి, తన అసమ్మతిని విపులమగు పత్రముగ వ్రాసి సమర్పించెను. మరుసటి యేటనే, 1915లో, ఆయన కాలధర్మము నొందెను. కాదని చేయి యెత్తి ఊరకున్నచో ఆ అసమ్మతి సభ ముగిసిన నాడే ముగిసియుండెడిది. కారణములతో కూడిన కాదు గనుక అది ఓటు ఓడిన పిదపను బ్రతికి, చదువబడుచు, చర్చింపబడుచు వచ్చినది. తరువాతి దశాబ్దములలో కథ, నవల, పత్రిక, పాఠ్యపుస్తకము ఒక్కొక్కటిగ వాడుకభాషకు తలుపు తెరచినవి. రామమూర్తి జన్మదినమగు ఆగస్టు 29ని నేడు తెలుగు భాషాదినోత్సవముగ జరుపుకొనుచున్నాము. ఈ మాటలను మేము గ్రాంథికచ్ఛాయలోనే వ్రాయుచుండుట చూచి పాఠకులు చిరునవ్వు నవ్వుదురేని మాకును సమ్మతమే. ప్రతిపక్షమువారి హేతువులును పూర్తిగ చావలేదనుటకు అది యొక నిదర్శనముగ నుండనిండు.

కాదనుట తప్పని మేము చెప్పుట లేదు. కాదనువారు లేని ఇల్లు, సభ, దేశము త్వరలోనే మిలిందుని భయపడిన కొలువు వంటి దగును. కాని కాదన్నవానిపై ఒక ఋణముండును. ఏల కాదో చెప్పవలెను. ఎదుటివాడన్న దానిని అతడు తల యూపునట్లు తిరిగి చెప్పగలగవలెను. ఏమి చూపినచో తాను ఒప్పుకొనునో ముందుగనే తెలుపవలెను. ఈ మూడవది అన్నిటికంటె కష్టము; ఓడుటకు సిద్ధపడనివాడు వాదించుటకు అర్హుడు కాడు గదా!

ఇక మీ యింట రేడియో కట్టిన పిదప మాట పెరిగినప్పుడు, గొంతు పెరుగకమునుపే ఎవరైన నొకరు లేచి, ఆ కుందేటిని నడుమకు తెచ్చి నేలపై విడువుడు. కాళ్లు ఎన్ని యున్నను, లెక్కించుట మాత్రము ఇద్దరును కలసి చేయవలసిన పని.